స్త్రీకి రక్షణ, స్త్రీకి ఆధారము: దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితము

రాజ్యములు విడిపోవునప్పుడు, ఊళ్ళు తగులబడునప్పుడు స్త్రీకి కలుగు ఆపద ఒక విధమైనది. మంటలు చల్లారి, ఒడంబడికలు కుదిరి, శాంతి వచ్చినదని పెద్దలు ప్రకటించిన తరువాత ఆమెకు ఎదురగు చిక్కు మరియొక విధమైనది. లంకలో సీత పడిన బాధను మన కవులందరు వర్ణించినారు; యుద్ధము ముగిసిన తరువాత ఆమె నిలువవలసి వచ్చిన పరీక్షను గూర్చి మాత్రము కవులు కూడ కొంత తడబడినారు. 1949 డిసెంబరులో, ఢిల్లీలో, రాజ్యాంగ సభ శాసనసభగా కూర్చుండిన రోజులలో, ఈ రెండవ చిక్కు కావ్యములోనుండి బయటికి వచ్చి చట్టము రూపమున సభ్యుల ముందు నిలిచినది. ఆ చర్చలో లేచి మాటాడిన తెలుగు మహిళ జి. దుర్గాబాయి. తరువాతి కాలమున దుర్గాబాయి దేశ్‌ముఖ్ అని దేశమంతయు ఎరిగిన ఆమె జీవితములో ఆ చర్చకు పూర్వము జరిగినదంతయు, అటు పిమ్మట జరిగినదంతయు, ఆ ఒక్క ప్రశ్న చుట్టును తిరుగుచున్నట్లు కనిపించును.

దుర్గాబాయి 1909 జులై 15వ తేదీన రాజమహేంద్రవరములో జన్మించినారు. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. పెరిగినది కాకినాడలో. ఎనిమిదవ యేట ఆమెకు వివాహము చేసినారు. వరుడు బంధువే, కలిగిన కుటుంబమువాడు. ఆ దినములలో అది వింత కాదు. వింత తరువాత జరిగినది. కాపురమునకు పోవలసిన వయస్సు వచ్చినప్పుడు ఆ బాలిక తాను పోనని చెప్పినది. ఎవరి మీదను నింద వేయలేదు. తన మనస్సు వేరు మార్గమున ఉన్నదనియు, అతడు వేరొక కన్యను వివాహమాడుట మేలనియు అతనికే తెలియజేసినది. తండ్రి, సోదరుడు ఆమె పక్షమున నిలిచినారు. తాను ఎవరి ఇంట ఉండవలెనో తానే చెప్పగలిగిన ఆడపిల్ల ఆ కాలమున ఎంత అరుదో వేరుగా చెప్పనక్కరలేదు. అంతకంటె అరుదు, చెప్పిన మాటను విని మన్నించిన ఇల్లు. తండ్రి అంగీకరించి యుండకపోయిన ఆ నిరాకరణ ఏమై యుండెడిదో ఊహించుట కష్టము కాదు.

1921లో మహాత్ముడు కాకినాడకు వచ్చినారు. దుర్గాబాయికి అప్పుడు పన్నెండేండ్లు నిండలేదు. ఊరివారందరు గాంధీగారిని చూడవలెనని తహతహలాడుచుండగా ఈ బాలిక వేరొక ఆలోచన చేసినది. ఊరిలో దేవదాసీ కుటుంబముల స్త్రీలు ఉన్నారు. ఘోషా విడిచి రాలేని ముస్లిం స్త్రీలు ఉన్నారు. ఊరి సభలో వారికి చోటు లేదు. వారికొరకు వేరుగా ఒక సభ జరగవలెనని ఆమె ఆహ్వాన సంఘము వారిని అడిగినది. గాంధీగారికి అయిదు వేల రూపాయల నిధి సమర్పించినచో కొద్ది నిమిషములు ఇప్పింతుమని వారు చెప్పినారు. పిల్ల వెనుకకు తగ్గునని వారు తలంచి యుందురు. ఆమె తగ్గలేదు. ఆ స్త్రీలే సొమ్ము కూర్చినారు. సభ జరిగినది, అనుకొన్న నిమిషములు దాటి సాగినది, గాజులు, గొలుసులు తీసి గాంధీగారి దోసిట పోసినారు. ఆయన హిందీ ప్రసంగమును తెనుగున చెప్పినది కూడ ఈ బాలికయే. ఆమె అనువాదము ఆయనకు ఎంత నచ్చినదనగా తరువాతి సభలలోను ఆమెనే పిలిపించుకొన్నారు. ఈ కథను ఉపాధ్యాయులు తరగతులలో చెప్పుచునే యున్నారు. అయితే సాధారణముగా అనువాదము సంగతి చెప్పి, ఎవరికొరకు ఆ సభ ఏర్పాటు అయినదో ఆ సంగతి దాటవేయుదురు. అసలు విశేషము అక్కడనే ఉన్నది. సంఘము వెలివేసిన స్త్రీని దయతో చూచువారు ఎప్పుడును కొందరు ఉందురు. ఆమెయే సొమ్ము కూర్చి, ఆమెయే సభ తీర్చి, ఆమెయే నాయకునితో ముఖాముఖి నిలువవలెనని కోరినవారు తక్కువ.

అటు పిమ్మట ఆమె కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల పెట్టినది. తాను నేర్చుకొనుచు ఇతరులకు నేర్పినది. తల్లి కృష్ణవేణమ్మ కూడ అందు పాలుపంచుకొన్నారు. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఆ పాఠశాలలో చదివిన స్త్రీలు అనేకులు స్వచ్ఛంద సేవికలైనారు. ప్రదర్శనశాల వాకిట నిలిచిన దుర్గాబాయి టిక్కెట్టు లేని కారణమున జవహర్లాల్ నెహ్రూను లోనికి పోనీయకుండుట, నిర్వాహకులు టిక్కెట్టు తెచ్చిన పిమ్మటనే ఆయన లోనికి పోవుట జగమెరిగిన కథ. నియమము ఎవరికైనను నియమమే అను ఈ పట్టుదల ఆమెకు జీవితాంతము మిగిలినది. మేలును చేసినది, ఒకచోట, ముందు చూడబోవునట్లు, చిక్కును తెచ్చినది.

1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చినది. మద్రాసులో ప్రకాశం పంతులుగారు, తదితరులు నడపిన ఉద్యమములో దుర్గాబాయి ముందు వరుసలో నిలిచి అరెస్టయినారు. 1930కిని 1933కిని నడుమ మూడు పర్యాయములు చెరసాలకు పోయినారు. వెల్లూరు, మధుర జైళ్ళు చూచినారు. మధురలో ఏకాంత ఖైదు. ప్రక్క గదులలో ఉరిశిక్ష పడినవారు. ఆ అరుపులు, ఆ నిశ్శబ్దములు ఆమె ఆరోగ్యమును చెరచినవి. కాని జైలు ఆమెకు మరియొకటి చూపినది. తమమీద మోపిన నేరమేదో తెలియని స్త్రీలు అచట ఉన్నారు. తాము చేయని తప్పును ఇంటి మగవారి కొరకు ఒప్పుకొన్నవారు, న్యాయస్థానములో ఏమి అడిగినారో ఏమి చెప్పినామో ఎరుగనివారు ఉన్నారు. చట్టము వారిని శిక్షించుటకు వచ్చినదే గాని వారిని వినుటకు రాలేదు. న్యాయశాస్త్రము చదువవలెనను సంకల్పము ఆమెకు అచటనే కలిగినది.

సంకల్పము కలిగినప్పటికి ఆమెకు మెట్రిక్యులేషను కూడ లేదు. ఇరువది దాటిన వయస్సున మొదటినుండి ప్రారంభించి కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పూర్తి చేసినారు. తరువాత ఇంటర్మీడియెట్. తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రములో ఆనర్సు చదువబోగా, స్త్రీలకు వసతి గృహము లేదనియు, చేర్చుకొనుట కష్టమనియు చెప్పినారు. వసతి లేని కారణమున చదువు మానుకొన్న స్త్రీలు తనకు వ్రాయవలసినదని ఆమె పత్రికలో ప్రకటించినారు. కొందరు వ్రాసినారు. వారందరు కలిసి ఒక వసతి ఏర్పాటు చేసికొని ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డిగారి ముందు నిలిచినారు. ఇక కాదనుటకు కారణము లేకపోయినది. 1939లో ఆనర్సు, 1942లో మద్రాసున న్యాయశాస్త్రము ముగిసినవి. ఈ మధ్యకాలముననే, 1937 ప్రాంతమున, మద్రాసు మైలాపూరులో ఇరుగుపొరుగు బాలికలతో ఆరంభమైన చిన్న సంఘము పెరిగి ఆంధ్ర మహిళా సభ అయినది. తనవలె వయస్సు మీరిన తరువాత చదువుకొనదలచిన స్త్రీలకు అందు కాశీ మెట్రిక్యులేషను పరీక్షకు పాఠములు చెప్పినారు. కుట్టుపని, చేతిపనులు నేర్పినారు.

ఆమె మద్రాసులో న్యాయశాస్త్రము చదువుచున్న ఆ సంవత్సరములలోనే తెలుగునేల ఉత్తరపు కొన నుండి రెండు వార్తలు వచ్చినవి. ఆమె కథతో వానికి ప్రత్యక్ష సంబంధము లేదు గాని, ఆమె తలకెత్తుకొన్న ప్రశ్న ఏ నేలమీద పుట్టినదో అవి చూపును. మూలపేట మొదలు టెక్కలి, పలాస, మందసల మీదుగా సాగు ఉద్దానపు తీరము కొబ్బరితోటలకు, జీడితోటలకు పేరుపడినది; 2023లో ఓడరేవుకు శంకుస్థాపన జరిగిన తరువాత మూలపేట పేరు పత్రికలలో తరచు వినవచ్చినది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగినది. దాని వేడి ఆరకముందే, మందస జమీందారీలో అడవి హక్కులను గూర్చి రైతులకును జమీందారునకును తగవు ముదిరి, రైతులను పట్టుకొని పోవుటకు గుడారి రాజమణిపురమునకు పోలీసులు వచ్చినారు. సాసుమాన గున్నమ్మ అను రైతు స్త్రీ ఊరివారితో కలిసి దారికి అడ్డము నిలిచినది. 1940 ఏప్రిల్ 1న జరిగిన కాల్పులలో ఆమె మరణించినది. ఆ స్త్రీని ఎవరును రక్షింపలేదు. ఆమెయే ఇతరులను రక్షించుటకు నిలిచినది. తుపాకులతో ఊరికి వచ్చిన బలము ఆడవారి ముందు నిలిచి వారితో మాటాడుట ఎరుగనిదైనప్పుడు ఏమి జరుగునో ఆ ఊరు చూచినది.

రెండవ వార్త సముద్రమునకు అవతలిది. ఈ తీరపు గ్రామములనుండి కూలికి, వ్యాపారమునకు రంగూనునకు పోయినవారు తరతరములుగా ఉన్నారు. 1942లో జపాను సేనలు బర్మాలో ప్రవేశించినప్పుడు తెలుగువారు వేల సంఖ్యలో అడవుల వెంట, కొండల వెంట నడచి తిరిగి వచ్చినారు. దారిలో ఎందరు పడిపోయినారో లెక్క లేదు. కాందిశీకుడను మాట తెలుగు గ్రామములో వాడుకకు వచ్చిన కాలమది. పంజాబు వార్తలు 1947లో వచ్చినప్పుడు తెలుగువారికి అవి పూర్తిగా పరాయివి కాకపోవుటకు ఇది యొక కారణము.

ఇదే కాలమున దుర్గాబాయి స్వంత జీవితములో ఒక ఘట్టము ఉన్నది. తాను చిన్ననాట విడిచిన భర్త 1941లో మరణించినాడు. అతని రెండవ భార్య నిరాధారయైనది. దుర్గాబాయి ఆమెను చేరదీసి చదువు, వృత్తిశిక్షణ ఇప్పించి స్వంత కాళ్ళపై నిలువజేసినారు. అన్నవస్త్రములు ఇచ్చి ఒక మూల కూర్చుండబెట్టుట తేలిక. లోకము మెచ్చుకొని యుండెడిది కూడ. ఆమె ఆ పని చేయలేదు.

1946లో దుర్గాబాయి మద్రాసునుండి రాజ్యాంగ సభకు ఎన్నికైనారు. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడుపు వారి పట్టికలో ఉన్న ఏకైక స్త్రీ ఆమెయే. రాజ్యసభ సభ్యత్వమునకు కనీస వయస్సును ముప్పదియైదునుండి ముప్పదికి తగ్గించుట ఆమె సవరణ ఫలము. హిందీ హిందుస్తానీ చర్చలలో, న్యాయస్థానముల చర్చలలో ఆమె కంఠము తరచు వినబడెడిది. ఇవన్నియు పాఠ్యపుస్తకములలో ఉన్నవే.

ఇక విభజన సంగతి. 1947లో పంజాబు రెండుగా చీలినప్పుడు ఇరువైపుల స్త్రీలను ఎత్తుకొనిపోయినారు. ఎందరు అనుటకు సరియైన లెక్క ఎన్నడును తేలలేదు. అప్పటి అంచనాలలో భారతదేశమున చిక్కిన ముస్లిం స్త్రీలు సుమారు 50 వేలు, పాకిస్తానులో చిక్కిన హిందూ, సిక్కు స్త్రీలు సుమారు 33 వేలు అని కలదు. 1947 డిసెంబరు 6న రెండు ప్రభుత్వములు ఒక ఒడంబడిక చేసికొన్నవి. ఎత్తుకొని పోబడిన స్త్రీలను వెదకి ఎవరి దేశమునకు వారిని చేర్చవలెను. 1947 మార్చి 1వ తేదీకి పిమ్మట జరిగిన బలవంతపు మతమార్పిడులను, వివాహములను గుర్తింపరాదు. రెండు రాజ్యముల పోలీసులు, వారితోపాటు స్త్రీ సేవికలు ఈ పనికి పూనుకొన్నారు. మృదులా సారాభాయి మన పక్షమున ఈ పనికి నాయకురాలు. జలంధరులో గాంధీ వనితాశ్రమము వెలసినది. కాశ్మీరులో యుద్ధము సాగుచుండగా, ఒకరి నొకరు నమ్మని రెండు రాజ్యములు ఈ ఒక్క విషయమున కలిసి పనిచేయుట సామాన్యమైన సంగతి కాదు. శాంతిస్థాపనలో స్త్రీల రక్షణ యొక భాగమని రెండు ప్రభుత్వములు వ్రాతమూలకముగా ఒప్పుకొన్న తొలి ఘట్టములలో దీనికి చోటున్నది.

ఈ పని స్త్రీలు లేనిదే సాగెడిది కాదు. ఖాకీ దుస్తుల పురుషుడు తలుపు తట్టిన ఇంటిలో భయపడిన స్త్రీ ఏమి చెప్పగలదు? ఒక పురుషుడు ఎత్తుకొని వచ్చినాడు. మరియొక పురుషుడు తీసికొని పోవుటకు వచ్చినాడు. ఇద్దరిలో ఎవరిని నమ్మవలెనో ఆమెకు ఎట్లు తెలియును? ప్రక్కన కూర్చుండి, నీళ్ళిచ్చి, తల్లివలె పలుకరించి, గంటల తరబడి నచ్చజెప్పి వెంటబెట్టుకొని వచ్చినవారు ఆ సేవికలే. శిబిరములలో పురుళ్ళు పోసినవారును వారే. 1949 డిసెంబరు నాటికి భారతదేశమునుండి సుమారు 12 వేల మందిని, పాకిస్తానునుండి సుమారు 6 వేల మందిని వెదకి చేర్చినారు.

కాని కాలము గడచిన కొలది కొందరు స్త్రీలు రామని చెప్పసాగినారు. కారణములు అనేకములు. కొందరికి పిల్లలు పుట్టినారు. కొందరికి వెనుకకు పోయిన పుట్టింటివారు, అత్తింటివారు రానీయరను భయము. ఆ భయము వట్టిది కాదు, గాంధీ, నెహ్రూ వంటివారు ఆ స్త్రీలను మన్ననతో చేర్చుకొనుడని దేశమును వేడవలసి వచ్చినది. కొందరికి మొదటి ఇంటిలో ఎవరును మిగులలేదు. కొందరు నిజముగనే క్రొత్త చోట స్థిరపడినారు. వీరిని ఏమి చేయవలెను?

1949 డిసెంబరు మధ్యలో గోపాలస్వామి అయ్యంగారుగారు ప్రవేశపెట్టిన బిల్లు ఈ ప్రశ్నకు కఠినమైన సమాధానము చెప్పినది. 1947 మార్చి 1కి పిమ్మట కుటుంబమునుండి వేరై, అన్యమతమువారి వద్ద నున్న ముస్లిం స్త్రీని, ఏ వయస్సుదైనను, ఎత్తుకొని పోబడినదానిగానే భావింపవలెను. వారంటు లేకయే పోలీసు ఇంటిలో ప్రవేశింపవచ్చును. శిబిరములో ఉంచవచ్చును. సందేహము వచ్చినచో రెండు దేశముల అధికారులు కూర్చుండి తేల్చెదరు. న్యాయస్థానము జోక్యము చేసికొనరాదు. ఆ స్త్రీ ఇష్టము ఏమిటని అడుగవలెనను నిబంధన ఎచటను లేదు. ప్రాథమిక హక్కులతో కూడిన రాజ్యాంగమును ఆ సభ్యులే నవంబరు 26న ఆమోదించి అప్పటికి మూడు వారములు కూడ దాటలేదు. ఠాకుర్ దాస్ భార్గవ వంటి సభ్యులు ఈ వైపరీత్యమును ఎత్తి చూపినారు. స్త్రీ ఇష్టమునకు విరుద్ధముగా ఆమెను దేశము దాటింపరాదని వాదించినారు.

దుర్గాబాయి బిల్లు పక్షమున మాటాడినారు. ఆమె వాదన దయతో కూడినది, న్యాయవాదికి తగినంత పదునైనది. ఈ స్త్రీలు సుఖముగా ఉన్నారని చెప్పుచున్నారే, నిజముగా సుఖముగా ఉన్నారా? వేరు దారి లేని నిస్సహాయత వలన గాక ఇష్టము వలన ఒప్పుకొన్నారా? తన తండ్రిని, భర్తను, సోదరుని చంపినవాని ఇంటిలో స్త్రీకి మనశ్శాంతి ఎట్లు కలుగును? ఆ ఇంటివారు ఆమెను ఎన్నాళ్ళు తమదానిగా చూతురు? ఇట్టి ప్రశ్నలు ఆమె సభ ముందు ఉంచినారు. ఆ శతాబ్దపు చివర, యుద్ధములో స్త్రీలపై జరుగు నేరములను విచారించిన అంతర్జాతీయ న్యాయస్థానములు చేరుకొన్న విషయమును ఈ తెలుగు న్యాయవాది 1949లోనే చెప్పినారు: బలప్రయోగపు నీడలో ఇచ్చిన సమ్మతిని సమ్మతియని తలచరాదు.

ఈ వాదనలో సగము నిజము ఉన్నది. మిగిలిన సగము ఆ సభలో నిలువలేదు. ఎత్తుకొనిపోయినవాని ఇంట దారి లేక ఒప్పుకొన్నది ఇష్టము కాదన్నప్పుడు, పోలీసు బండిలో కూర్చుండి దారి లేక సరిహద్దు దాటినది మాత్రము ఇష్టమగునా? తనను ఎవరి ఇంటికి పంపవలెనో చెప్పగలిగిన బాలిక పెరిగి పెద్దదై, వేలాది స్త్రీలకు ఆ మాట చెప్పు అవకాశము లేని చట్టమును సమర్థించుట చూచి ఆశ్చర్యపడినవారు కలరు. ఆమె మనస్సులో రక్షణ ముందు వచ్చినది. అప్పటి రక్తపాతమును చూచినవారెవరికైనను అట్లే తోచి యుండును. అయినను అదే పనిలో ఉన్న రామేశ్వరీ నెహ్రూ స్త్రీల ఇష్టమునకు విరుద్ధముగా వారిని పంపుట తగదని భేదించి తప్పుకొన్నారనుటయు మరువరాదు. ఇద్దరును స్త్రీల మేలు కోరినవారే. బిల్లు చట్టమైనది. 1952లో సుప్రీంకోర్టు దానిని చెల్లునని తీర్పు చెప్పినది. 1957 వరకు పలుమారులు పొడిగింపబడి ఆ పిమ్మట ముగిసినది. రెండు దేశముల నడుమ పుట్టిన పిల్లలు ఎవరివారను చిక్కు మాత్రము చివరివరకు తీరలేదు. తల్లులను ఒక దేశమునకు పంపి, పిల్లలను మరియొక దేశమున విడిచిన దృశ్యములు అనేకము.

ఆ కాలపు అంతర్జాతీయ న్యాయము కూడ ఇంతకంటె ముందుకు పోలేదు. అదే 1949 ఆగస్టు 12న కుదిరిన జెనీవా ఒప్పందములలో నాలుగవది యుద్ధకాలమున స్త్రీల మానమునకు హాని కలుగకుండ కాపాడవలెనని చెప్పినది. మానమును గూర్చి చెప్పినది. ఇచ్ఛను గూర్చి చెప్పలేదు. కాపాడువాడు ఒకడు, కాపాడబడునది ఒకతె అను చిత్రమే అందరి కన్నుల ముందును ఉన్నది.

దుర్గాబాయి తరువాతి జీవితమును చూడగా, ఆ వాదనలో మిగిలిపోయిన సగమును ఆమె మాటలతో గాక పనితో పూరింప బయలుదేరినట్లు తోచును. స్త్రీకి వేరు దారి లేదన్నది కదా తన వాదన. అయినచో ఆ దారిని ఎవరో ఒకరు వేయవలెను. 1952 ఎన్నికలలో ఆమె ఓడిపోయినారు. అది దేశమునకు ఒక విధముగా మేలే అయినది. నెహ్రూ ఆమెను ప్రణాళికా సంఘములోనికి తీసికొన్నారు. సంఘసేవ శాఖ ఆమె వంతు. అచటనే ఆర్థిక మంత్రి చింతామన్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌తో పరిచయము పెరిగి 1953 జనవరి 22న వివాహము జరిగినది. చిన్ననాడు వివాహమును కాదన్న ఆమె నలుబది మూడవ యేట తన ఇష్టమున వివాహమాడినారు. ఆ వివాహమునకు నెహ్రూ ఒక సాక్షి. అదే సంవత్సరము ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినది. ఆమె దాని తొలి అధ్యక్షురాలు.

ఆ మండలి చేసిన పనులలో ఉపాధ్యాయులు ప్రత్యేకముగా గమనింపదగినది ఒకటి ఉన్నది. 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమము ప్రారంభమైనది. భర్త విడిచినవారు, వితంతువులు, నిరాధారలు, చిన్ననాట బడి మానినవారు రెండేండ్లు నిలకడగా చదివినచో బాలలు అనేక సంవత్సరములు చదువు చదువును పూర్తిచేసి పరీక్షకు కూర్చుండవచ్చును. చదివినవారు గ్రామసేవికలు, నర్సులు, బాలవాడి ఉపాధ్యాయినులు, మంత్రసానులు కావచ్చును. మైలాపూరులో ఆమె చేసిన ప్రయోగమే దేశవ్యాప్తమైనదని ఎవరైనను గుర్తింపగలరు. ఇంకను లోతుగా చూచినచో, ఇరువది దాటిన తరువాత మెట్రిక్యులేషనుకు కూర్చుండిన ఆమె స్వంత జీవితమే అందు ఉన్నది. గ్రామములలో సంక్షేమ విస్తరణ కేంద్రములు వెలసినవి. వానిని నడపినవారు స్త్రీలే; అందు పనిచేయు వారిని ఆ గ్రామములనుండియే తయారుచేయవలెనని ఆమె పట్టుపట్టినారు. 1958లో స్త్రీవిద్యను గూర్చిన జాతీయ సంఘమునకు ఆమె అధ్యక్షురాలై, బాలికల చదువునకు ప్రత్యేకముగా ధనము, యంత్రాంగము ఉండవలెనని సిఫారసు చేసినారు. అదే సంవత్సరము ఆంధ్ర మహిళా సభ హైదరాబాదునకు విస్తరించినది. కాలక్రమమున ఆసుపత్రి, కళాశాల, అక్షరాస్యతా భవనము దాని అంగములైనవి.

1953లో ఆమె చైనా పర్యటించి అచట కుటుంబ న్యాయస్థానములను పరిశీలించినారు. భార్యాభర్తల తగవులు, బిడ్డల సంరక్షణ సాధారణ న్యాయస్థానములలో నలుగరాదనియు, మన దేశమునను అట్టివి వేరుగా ఉండవలెననియు తిరిగి వచ్చిన పిమ్మట నెహ్రూతోను, న్యాయమూర్తులతోను చర్చించినారు. బిడ్డ తల్లికి చెందునా, దేశమునకు చెందునా అని పంజాబు శిబిరములలో తేలని ప్రశ్నను అంతకు నాలుగేండ్ల ముందు సభలో విన్న వ్యక్తి ఈ సంస్కరణను ఇంత గట్టిగా పట్టుకొనుటలో ఆశ్చర్యము లేదు.

ఈ నడుమ ప్రపంచములో శాంతిస్థాపన యొక వృత్తి అయినది. ఐక్యరాజ్య సమితి తన పరిశీలకులను 1948లో పాలస్తీనాకు, 1949లో కాశ్మీరుకు పంపినది; ఆ తరువాత కొరియాకు, గాజాకు, కాంగోకు భారత సైనికులు వేల సంఖ్యలో శాంతికార్యమునకు పోయినారు. ఆ దళములు దాదాపు పూర్తిగా పురుషులవే. 1993 నాటికి కూడ సమితి శాంతిదళములలో యూనిఫారము ధరించినవారిలో స్త్రీలు నూటికి ఒక్కరు మాత్రమే. 2000 అక్టోబరు 31న భద్రతామండలి 1325వ తీర్మానముతో, స్త్రీలను రక్షించుట మాత్రమే చాలదు, సంధిచర్చలలోను శాంతిదళములలోను వారు పాల్గొనవలెనని ప్రకటించినది. 2007 జనవరిలో భారతదేశము పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాకు వందమందికి పైగా స్త్రీలతో కూడిన పోలీసు దళమును పంపినది. సమితి చరిత్రలో అట్టి పూర్తి మహిళా దళము అదియే మొదటిది. అంతర్యుద్ధములో మగవాని తుపాకిని మాత్రమే చూచిన అచటి స్త్రీలు వీధిలో గస్తీ తిరుగు ఈ స్త్రీలను చూచి తమ కూతుళ్ళను పోలీసులో చేర్పింప ముందుకు వచ్చినారు. ఆ దళము 2016లో తిరిగి వచ్చినది. పంజాబు శిబిరములలో పేరు తెలియని సేవికలు చేసినదానికిని, మన్రోవియా వీధులలో వీరు చేసినదానికిని నడుమ అరువది సంవత్సరముల దూరము ఉన్నది. మొదటివారికి చట్టము అధికారమును ఇయ్యలేదు. పోలీసు వెంట పోయి ఓదార్చు పని ఇచ్చినది. రెండవవారు తామే పోలీసులు.

ఆ దినములు చూచుటకు దుర్గాబాయి లేరు. 1975లో ఆమెకు పద్మవిభూషణ్ వచ్చినది. 1980 ప్రాంతమున తన జీవితమును, దేశ్‌ముఖ్‌గారితో కలిసి నడచిన దినములను గూర్చి ఆంగ్లమున ఒక గ్రంథము వ్రాసినారు. 1981 మే 9న మరణించినారు. ఆమె అడిగిన కుటుంబ న్యాయస్థానములకు చట్టము ఆమె పోయిన మూడేండ్లకు, 1984లో వచ్చినది. ఢిల్లీ విశ్వవిద్యాలయపు దక్షిణ ప్రాంగణము చెంత మెట్రో స్టేషనుకు ఆమె పేరు పెట్టినారు. పుస్తకములు చంకబెట్టుకొని అచట దిగు విద్యార్థినులు ఆ పేరును రోజూ వినుచున్నారు.